వేరుశనగ బూజు, హెపటైటిస్ టీకా: మా ఇంట్లో తెగని వాదన

కళ్యాణదుర్గం అమ్మ (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మా పాపకు అయిదో వారం నడుస్తోంది. వచ్చే బుధవారం ఆరు వారాల టీకాలు వేయించాలి. పుట్టిన రోజే ఆసుపత్రిలో బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి సూది అయిపోయాయి. ఇంట్లో రభస అంతా ఆ చివరిదాని గురించే.

మా ఆయన మేనమామ ఈమధ్య రక్తదానం చేయడానికి వెళ్తే హెపటైటిస్-బి (కాలేయానికి పట్టే జబ్బు) ఉన్నట్టు తేలింది. మనిషి దుక్కలా ఉన్నాడు, పొలం పనులన్నీ ఆయనే చేసుకుంటాడు. కుటుంబంలో అందరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి ఇంట్లో తలా ఒక మాట. కామెర్లు తిండి వల్లే వస్తాయని మామగారు అంటారు. బూజు పట్టిన వేరుశనగ తింటే కాలేయానికి క్యాన్సర్ వస్తుందని ఎవరో పంపిన వీడియో చూసి మా ఆయన భయపడుతున్నారు. కామెర్లకు పసరు ఉండగా పసిగుడ్డుకు సూదులెందుకని అవ్వ. మా ఇంట్లో ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) లేకుండా సంగటి దిగదు. వెనక గదిలో విత్తనకాయ బస్తాలు కూడా ఉన్నాయి.

ఇంతకీ ఇది తిండి జబ్బా, అంటుజబ్బా? టీకా వేయిస్తే బూజు గురించి భయం లేదా? బూజు లేకుండా చూసుకుంటే టీకా అక్కర్లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంతకల్లు జంక్షన్

వేరుశనగ మానేయమని మాత్రం ఎవరూ చెప్పకండి. జిల్లాకు జిల్లా పస్తులుంటుంది.

పాత నర్సమ్మ (పత్తికొండ)

అమ్మాయీ, ముందు మీ అవ్వగారి పసరు సంగతి చెబుతాను. నేను ఏఎన్ఎంగా పనిచేసినన్నాళ్లూ ఊరూరా విన్న మాటే అది.

కళ్లు పచ్చబడటం ఒక గుర్తు మాత్రమే, దాని వెనక కారణాలు చాలా ఉంటాయి. మన ఊళ్లలో ఎక్కువగా కనబడేవి హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ. అవి కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తాయి. మామగారు అన్నది అక్కడికి నిజమే. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, గర్భిణులకు మాత్రం హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు. తగ్గేవి పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది.

హెపటైటిస్-బి వేరు. అది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మంది దాకా దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడే సోకిన పసిబిడ్డల్లో తలకిందులు: నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. నొప్పి ఉండదు, పచ్చదనం ఉండదు. ముప్పై నలభై ఏళ్లు చప్పుడు చేయకుండా కాలేయాన్ని తినేస్తుంది. మీ మేనమామగారు దుక్కలా ఉండటానికి, ఆయన రక్తంలో వైరస్ ఉండటానికి వైరుధ్యం ఏమీ లేదు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి సూది వేయాలనడం అందుకే. మీ పాపకు వేశారు కదా, చాలా మంచిది.

ఇంకొక మాట. ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టకండి. కలిసి తిన్నందువల్ల ఇది రాదు. గడ్డం బ్లేడు, పళ్ల బ్రష్షు మాత్రం ఒకరివి ఒకరు వాడకూడదు.

సంగటి ముద్ద (కర్నూలు)

నర్సమ్మగారి మీద గౌరవంతోనే ఒక ప్రశ్న. మా తాత రాగి సంగటి, జొన్నరొట్టె, చింతాకు పప్పు తిని తొంభై ఏళ్లు బతికాడు. ఒక్క సూది ఎరగడు. ఇప్పటి పిల్లలకు పుట్టినరోజు రాకముందే తల్లీబిడ్డల కార్డు సగం నిండిపోతోంది, అయినా నెలకోసారి జలుబే. తిండి బాగుచేయకుండా సూదులు పెంచుకుంటూ పోవడం, పునాది వదిలేసి గోడకు సున్నం వేయడం లాంటిది కాదా? నేను టీకాలు వద్దనడం లేదు. వరస తలకిందులైందంటున్నాను.

లెక్కల మాస్టారు (ప్రొద్దుటూరు)

మీ తాతగారితోపాటు పుట్టినవారిలో అయిదేళ్లు నిండకుండా పోయినవాళ్లు ఈ చర్చకు వచ్చి మాట్లాడలేరు కదా. మిగిలినవారిని మాత్రమే చూసి సగటు తీస్తే ఎప్పుడూ అలాగే వస్తుంది. దాన్ని పక్కన పెట్టి అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే అది చాలా మంచి ప్రశ్న. "తిండి జబ్బా, అంటుజబ్బా" అన్నదాన్ని సరిగ్గా కొలిచి చూశారు.

షాంఘైలో 1986 నుంచి 1989 వరకు 45-64 ఏళ్ల మగవాళ్లను 18,244 మందిని ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. అందరి రక్తం, మూత్రం నమూనాలు దాచిపెట్టి కొన్నేళ్లు వేచి చూశారు. కాలేయ క్యాన్సర్ వచ్చినవారి పాత నమూనాలు బయటికి తీసి, రానివారితో పోల్చారు. మూత్రంలో అఫ్లాటాక్సిన్ జాడలు ఉన్నాయా, రక్తంలో హెపటైటిస్-బి ఉందా అని చూశారు. అఫ్లాటాక్సిన్ అంటే మన వేరుశనగ మీద, మొక్కజొన్న మీద పెరిగే పసుపుపచ్చ ఆకుపచ్చ బూజు విడిచే విషం.

1994లో ప్రచురించిన ఫలితం ఇది. రెండూ లేనివారి ముప్పును 1 అనుకుంటే, బూజు విషం జాడలు మాత్రమే ఉన్నవారికి 3.4 రెట్లు. వైరస్ మాత్రమే ఉన్నవారికి 7.3 రెట్లు. రెండూ ఉన్నవారికి 59.4 రెట్లు.

కూడితే పదకొండు కూడా రాదు. హెచ్చవేసినా పాతికే. వచ్చింది దాదాపు అరవై. నిజం చెప్పాలంటే ఆ లెక్కకు ఆధారమైన రోగులు 50 మందే, కాబట్టి 59 అన్న అంకెను రాతిమీద చెక్కుకోనవసరం లేదు. అసలు విలువ అంతకంటే చాలా తక్కువ కావచ్చు, చాలా ఎక్కువ కావచ్చు. కానీ రెండూ కలిస్తే ముప్పు అమాంతం పెరుగుతుందన్న సంగతి ఆ తర్వాత కూడా నిలబడింది. టీకా వేయిస్తే ఈ జతలో ఒకటి తప్పుకుంటుంది, బూజు మాత్రం మిగులుతుంది. బూజు ఏరేస్తే రెండోది తప్పుకుంటుంది, వైరస్ మిగులుతుంది.

గుంతకల్లు జంక్షన్

మాస్టారూ, పొద్దున్నే వేరుశనగ చట్నీతో ఇడ్లీ తింటూ ఇది చదివాను. ముద్ద గొంతులో ఆగింది.

ఎర్రనేల రైతు (రాయదుర్గం)

నేను వేరుశనగ పండిస్తాను, నాన్న పండించాడు, ఆయన నాన్న కూడా. బూజు ఎక్కడినుంచి వస్తుందో చదువుకున్నవాళ్లకంటే మాకు బాగా తెలుసని అనుకుంటున్నాను, కాబట్టి రాస్తున్నాను.

అందరూ నిల్వలో తేమ వల్ల వస్తుందంటారు. సగమే నిజం. మన జిల్లాలో అది నేలలోనే మొదలవుతుంది. ఊడలు దిగి, కాయ పట్టి, గింజ ఊరే సమయానికి మూడు వారాలు వాన ముఖం చాటేస్తుందా, నేల కాగుతుంది, కాయకు నెర్రెలు వస్తాయి. చెదపురుగు, వేరుపురుగు తొలిచిన కాయ అయితే చెప్పనక్కర్లేదు. ఆ సందులోంచి మట్టిలోని బూజు లోపలికి పోతుంది. పైకి కాయ బాగానే కనబడుతుంది. పీకేటప్పుడు వాన పడి, కుప్ప తడిసిందంటే ఇక అంతే. అనంతపురం వర్షం సంగతి మీకు తెలియనిది కాదు, అడిగినప్పుడు రాదు, కుప్ప వేశాక వస్తుంది.

ఇంకొకటి చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. మంచి పప్పు అమ్మేస్తాం. ముడతలు పడిన నొక్కు పప్పు, పగిలినది, రంగు మారినది ఇంటికి మిగులుతుంది. ఊరిబిండికి, పొడికి అదే పోతుంది. మాస్టారుగారి లెక్క చదివాక ఆ డబ్బా వైపు చూడబుద్ధి కాలేదు.

నా ప్రశ్న: వేయిస్తే విషం పోదా? మేం పచ్చివి తినం, బాగా వేయించే నూరుతాం.

పోషణ (కడప, పోషకాహార విద్యార్థిని)

రైతు అన్నా, మీరు చెప్పినదంతా ఇక్రిశాట్ (హైదరాబాదు దగ్గరున్న మెట్టపంటల పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా చెప్పేదే. పంట చివర్లో బెట్ట, నేల వేడి, పురుగు తొలిచిన కాయ, ఈ మూడూ ప్రధాన కారణాలు.

వేయిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఈ విషం వేడికి సులభంగా లొంగదు. కానీ ఒక మంచి విషయం ఉంది. బస్తాలో విషం అంతటా సమంగా పరుచుకుని ఉండదు. కొద్ది గింజల్లోనే కుప్పగా ఉంటుంది. ఆ గింజలు చాలావరకు మీరన్న నొక్కు పప్పు, రంగు మారినది, పగిలినది, చేదుగా ఉండేదే. చేటలో పోసి వాటిని ఏరి పారేస్తే విషంలో ఎక్కువ భాగం పోతుంది. అంటే మన ఇళ్లలో అమ్మేదానికీ ఉంచుకునేదానికీ మధ్య జరిగే ఏరివేత సరిగ్గా తిరగబడి ఉంది.

దీన్ని పల్లెల్లో పరీక్షించి కూడా చూశారు. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో వేరుశనగ పండించే 20 ఊళ్లు తీసుకున్నారు. పది ఊళ్లలో కొన్ని మామూలు పనులు నేర్పించారు: చేత్తో ఏరడం, నేల మీద కాకుండా చాపల మీద ఎండబెట్టడం, పూర్తిగా ఎండాక నారతో నేసిన గోతాల్లో నింపడం, బస్తాలను నేలకు ఆనించకుండా చెక్కబల్లల మీద పెట్టడం, పురుగు పట్టకుండా మందు చల్లడం. మిగతా పది ఊళ్లు ఎప్పటిలాగే చేసుకున్నారు. కోత అయిన అయిదు నెలలకు మనుషుల రక్తం పరీక్షిస్తే, నేర్పిన ఊళ్లలో అఫ్లాటాక్సిన్ జాడలు మిగతా ఊళ్లలో ఉన్నదానిలో సగానికి లోపే ఉన్నాయి. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. యంత్రాలు లేవు, కరెంటు లేదు. చాప, గోనెసంచి, చెయ్యి.

ప్లాస్టిక్ సంచుల్లో పచ్చి ఆరని కాయలు కట్టేసి పెట్టేవారు మన దగ్గర కూడా చాలామంది ఉన్నారు. లోపల ఆవిరి పట్టి బూజుకు అంతకంటే సుఖమైన చోటు ఉండదు.

ఆదోని గానుగ

నేను గానుగ నూనె వ్యాపారం చేస్తాను. ఇలాంటి చర్చలు చూసి జనం భయపడి పాకెట్ నూనె కొంటారు. తాతల కాలం నుంచి తాగిన నూనెకు ఇప్పుడు క్యాన్సర్ అంటగడతారా? విదేశాల అధ్యయనాలు మన మీద రుద్దడం ఎందుకు?

పోషణ

అన్నా, మన దేశంలోనే జరిగింది కూడా ఉంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో అకాలవర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. కామెర్లు, పొట్టలో నీరు. చుట్టుపక్కల కుక్కలు కూడా చచ్చిపోయాయి. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. అసలు ఈ విషాన్ని ప్రపంచం మొదటిసారి గుర్తించింది వేరుశనగ చెక్క వల్లనే. 1960లో ఇంగ్లండులో ఆ చెక్క కలిపిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి.

గానుగ నూనె చెడ్డదని నేను అనలేదు. గింజలోని విషం చాలావరకు చెక్కలోకి పోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు అది పోతుంది, గానుగలో ఆ దశ లేదు. కాబట్టి గానుగలో పోసే పప్పు బాగుండాలి. మీరు ఏరిన పప్పు మాత్రమే ఆడిస్తే ఆ మాట బోర్డు మీద రాసుకోండి, నేనే వచ్చి కొంటాను.

ఆదోని గానుగ

ఏరిన పప్పుకు కిలోకు ఎంత ఎక్కువ పడుతుందో తెలిస్తే ఆ మాట అనరు.

సంగటి ముద్ద

నా పాయింటు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనూ అధ్యయనాలతోనే వస్తాను. మాస్టారుగారికి అంకెలంటేనే ఇష్టం కదా.

బీసీజీ టీకా క్షయను ఆపుతుందా లేదా అని మద్రాసు పక్కన చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టి సుమారు రెండు లక్షల అరవై వేల మంది మీద పరీక్షించారు. పదిహేనేళ్లు వెంటబడి చూశారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. ఇప్పుడు రెండోది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలో ఉండేవారికి ఆరు నెలలు బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. పదివేల మందికి పైగా. తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం. 2023లో వచ్చింది. సూది చేయలేని పని కందిపప్పు చేసింది. చెప్పండి ఇప్పుడు.

లెక్కల మాస్టారు

శభాష్. ఇది అసలైన వాదన. ఆ జార్ఖండ్ అధ్యయనం గురించి మన పత్రికలు పట్టించుకోవలసినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం కూడా. క్షయకు పోషణ టీకా లాంటిదేనని దాన్ని నడిపించిన వైద్యులు అన్నారంటే అన్నారు మరి.

కానీ చెంగల్పట్టు ఫలితం వచ్చాక కూడా బీసీజీని ఎందుకు ఆపలేదో చూడండి. పసిపిల్లల్లో క్షయ ఊపిరితిత్తుల్లో ఆగదు. మెదడు పొరలకు, ఒళ్లంతటికీ పాకుతుంది. దాన్ని బీసీజీ బాగా అడ్డుకుంటుంది. చెంగల్పట్టులో కొలిచింది పెద్దవాళ్ల జబ్బు, పుట్టిన బిడ్డకు సూది వేసేది వేరే జబ్బుకు. పప్పన్నం తినే వయసు రాని బిడ్డకు మీ కందిపప్పు ఎలా పెడతారు?

గండికోట (కడప జిల్లా)

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు. తట్టు టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని మా అపార్టుమెంటు గ్రూపులో తిరుగుతోంది. నిజమా?

లెక్కల మాస్టారు

కాదు. 1998లో పన్నెండు మంది పిల్లల గురించి రాసిన ఒక వ్యాసంతో మొదలైన పుకారు అది. 2010లో ఆ పత్రికే వ్యాసాన్ని రద్దుచేసింది, రాసిన డాక్టరును బ్రిటన్ వైద్య రిజిస్టరు నుంచి తొలగించారు. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను చూసి 2019లో ఫలితం వెల్లడించారు, సంబంధమే లేదు. దీని మీద నేను ఇంకో వాక్యం రాయను.

నిర్వాహకుడు

టీకా, తిండి రెండూ ఈ అంశంలోకే వస్తాయి కాబట్టి చర్చను విడదీయడం లేదు. వాట్సాప్ వీడియోల లింకులు తొలగించాను. పసరు ఇచ్చేవారి ఫోను నంబరు పెట్టిన సభ్యుడికి హెచ్చరిక పంపాను.

పాత నర్సమ్మ

తట్టు మాట వచ్చింది కాబట్టి సంగటి ముద్దగారికి ఒకటి చెబుతాను, ఇది మీకు నచ్చుతుంది.

తొమ్మిది నెలలకు తట్టు టీకాతోపాటు విటమిన్-ఎ ద్రావణం కూడా ఎందుకు తాగిస్తామో ఎప్పుడైనా ఆలోచించారా? తట్టు వచ్చిన బిడ్డ ఒంట్లో విటమిన్-ఎ అడుగంటిపోతుంది. కళ్లు పోతాయి, నిమోనియా ముదురుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో తట్టుతో ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లల్లో సగంమందికి విటమిన్-ఎ ఇచ్చి, సగంమందికి విటమిన్ లేని ఉత్త ద్రావణం ఇచ్చి చూశారు. విటమిన్ అందినవారిలో ఇద్దరు పోయారు, అందనివారిలో పదిమంది. 1990లో సంగతి. తిండిలో ఉండవలసిన ఒక్క పదార్థం అంత పనిచేసింది.

అలాగని మునగాకు, బొప్పాయి పెడుతున్నాం కదా టీకా మానేద్దామంటే కుదరదు. తట్టు ఒకరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుతుంది. పైగా ఆ జబ్బు తగ్గాక కూడా అంతకుముందు ఒంట్లో చేరిన రక్షణను చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షిస్తే, పాత జబ్బుల మీద ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. బిడ్డ మళ్లీ మొదటినుంచి అన్ని జబ్బులూ పడి లేవాలి. అది ఏ సంగటితోనూ పూడేది కాదు.

సంగటి ముద్ద

విటమిన్-ఎ గురించి మీరు అరకథే చెప్పారమ్మా. ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు తాగించడం మీద ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలను చూసిన అధ్యయనంలో మరణాలు తగ్గింది నాలుగు శాతమే, అదీ లెక్కలోకి రానంత. అదే 1990లో తమిళనాడులో వారం వారం, ఆహారంలో అందవలసినంత చిన్న మోతాదు ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. అంటే రోజువారీ తిండి లాగా అందితేనే ఫలితం ఎక్కువ. నేను మొదటినుంచీ అంటున్నది అదే.

పోషణ

ఈ ఒక్క విషయంలో నేను సంగటి ముద్ద అన్నవైపే. ఆ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇబ్బందులున్నాయి, కాలం వేరు, లోపం తీవ్రత వేరు. అయినా తమిళనాడు ఫలితం అంత తేలిగ్గా తీసేయదగింది కాదు.

మన ప్రాంతానికి దగ్గరగా ఇంకొకటి ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు, మొక్కజొన్న సోయా పిండితో చేసింది. 14 పల్లెల్లో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు. అది పెద్ద విశేషం కాదు. రక్తనాళాలు తక్కువ బిగుసుకున్నాయి, ఇన్సులిన్‌కు ఒళ్లు బాగా లొంగుతోంది. అంటే మధుమేహం, గుండెజబ్బుల దారి ఎక్కడో తల్లి గర్భంలోనే కొంత మళ్లింది. ఆ రెండు రకాల పల్లెల్లోనూ ప్రభుత్వ టీకాలు, వైద్యసేవలు ఉన్నాయి, పెద్ద తేడా ఉప్మాదే.

అంగన్‌వాడీ గుడ్డును, బాలామృతాన్ని చిన్నచూపు చూసి, ఇంటికి తెచ్చుకుని గేదెకు కలిపేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చెబితే కోపం.

గుంతకల్లు జంక్షన్

ఉప్మాను సమర్థించే మొదటి శాస్త్రీయ ఆధారం. మా ఇంట్లో చూపిస్తాను.

కళ్యాణదుర్గం అమ్మ

అందరికీ చాలా కృతజ్ఞతలు. మాస్టారుగారి అంకెలు మా మామగారికి చదివి వినిపించాను. "రెండూ కలిస్తే అరవై" అన్నచోట ఆయన మళ్లీ చదవమన్నారు. అవ్వ మాత్రం పసరు మాట వదల్లేదు, ఆమెను మార్చడం నా వల్ల కాదు.

నర్సమ్మగారూ, ఇంకా రెండు సందేహాలు. ఆరు వారాలప్పుడు కూడా హెపటైటిస్ సూది ఉంటుందా, ఒకసారి అయిపోయింది కదా? మాకు ఈ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఖర్చెంత?

పాత నర్సమ్మ

ఉంటుంది, విడిగా కాదు. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంటులో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెచ్ఐబి అనే మరో క్రిమితోపాటు హెపటైటిస్-బి కూడా కలిసే ఉంటుంది. పుట్టినప్పటిది ఆ మొదటి ముప్పు దాటించడానికి, ఈ మూడూ రక్షణ నిలబడటానికి. ఒక్కటి వేయించి ఆగిపోవద్దు. అదే రోజు పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు, పోలియో సూది, న్యుమోకోకల్ సూది ఉంటాయి. రాత్రి జ్వరం రావచ్చు, ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. సూది వేసిన చోట వెన్న రాయడం, కాపడం పెట్టడం చేయవద్దని మీ అవ్వకు మెల్లగా చెప్పండి.

పరీక్షకు ఖర్చు లేదు. 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో హెపటైటిస్-బి పరీక్ష, మందులు ఉచితం. మీకు గర్భంతో ఉన్నప్పుడే చేసి ఉంటారు, కార్డు తిరగేసి చూడండి. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు టీకాతోపాటు పుట్టిన వెంటనే ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో సూది కూడా వేస్తారు. మీ మేనమామగారు ఆరు నెలలకోసారి కాలేయం చూపించుకోవాలి, మద్యం అలవాటు ఉంటే మానాలి. ఆయన నొక్కు పప్పు ముట్టకూడదని ఇంట్లో అందరికంటే గట్టిగా చెప్పవలసింది ఆయనకే.

సంగటి ముద్ద

టీకా వల్ల క్యాన్సర్ తగ్గిందని ఎక్కడైనా నిజంగా చూశారా, లేక యాంటీబాడీలు కొలిచి సరిపెట్టుకున్నారా?

లెక్కల మాస్టారు

చూశారు. తైవానులో 1984 జులై నుంచి పుట్టిన బిడ్డలకు వేయడం మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ 1981-86 మధ్య లక్షకు 0.70 ఉండేది, 1990-94 నాటికి 0.36 అయింది. టీకాతో క్యాన్సర్ తగ్గినట్టు మనుషుల్లో నిరూపించిన మొదటి ఉదాహరణ అదే.

మీకు నచ్చేది కూడా చెబుతాను, తీసుకోండి. చైనాలో చిడాంగ్ అనే ప్రాంతంలో 1980ల్లో జనం మొక్కజొన్న మానేసి బియ్యానికి మారారు. రక్తంలో అఫ్లాటాక్సిన్ జాడలు ఎన్నో రెట్లు పడిపోయాయి. టీకా ఎరగని పెద్దవాళ్లలోనే కాలేయ క్యాన్సర్ మరణాలు తగ్గాయి. వైరస్ వాళ్ల ఒంట్లో అలాగే ఉంది, తిండి ఒక్కటే మారింది. మేనమామగారిలా వైరస్ ఇప్పటికే సోకినవాళ్లకు టీకా పనిచేయదు, వాళ్లకు డాక్టరు చూపుతోపాటు చేట కూడా దిక్కు.

ఇంకొక చిన్న సంగతి. హెపటైటిస్-బి టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, మనలాంటివాళ్లు కొనలేని ధర. 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తొలిసారిగా జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో దాన్ని తయారుచేశాక ధర ఒక్కసారిగా దిగింది.

ఎర్రనేల రైతు

నిన్న మా ఆవిడ, నేను కూర్చుని ఇంటికి ఉంచుకున్న పప్పంతా ఏరాం. పక్కన పెట్టింది చూస్తే గుండె తరుక్కుపోయింది, అంత పప్పు. దాన్ని ఏం చేయాలి? గేదెకు పెట్టవచ్చా? మా దగ్గర చెక్క కూడా గేదెకే పెడతాం.

పోషణ

వద్దన్నా. గేదె తింటే ఆ విషం రూపం మారి పాలలోకి వస్తుంది. పాలలో అది కిలోకు అర మైక్రోగ్రాము దాటకూడదని మన దేశంలో పరిమితి కూడా ఉంది. ఆ పాలు తాగేది మళ్లీ పిల్లలే. కోళ్లకూ వేయవద్దు. దూరంగా పూడ్చేయడమో కాల్చేయడమో చేయండి.

ఎర్రనేల రైతు

సరే, పూడ్చేస్తాం. కానీ ఇంకొక మాట కూడా ఇక్కడ రాసి పెట్టండి. యార్డులో కాయ కొనేటప్పుడు తూకం చూస్తారు, నూటికి ఎంత పప్పు దిగుతుందో చూస్తారు. బూజు ఎంతని ఏ వ్యాపారీ అడగడు. ఐరోపాకు నేరుగా తినడానికి పోయే పప్పులో అఫ్లాటాక్సిన్ కిలోకు నాలుగు మైక్రోగ్రాములు దాటితే వెనక్కి పంపిస్తారట. అలా వెనక్కి వచ్చిన సరుకు ఎక్కడికి పోతుంది? చాప కొనుక్కుని, గోనెసంచులు కొనుక్కుని, కూలి పెట్టి ఏరించిన కాయకూ, నేల మీద పోసి ప్లాస్టిక్ సంచిలో కట్టిన కాయకూ ఒకటే ధర పలుకుతున్నంతకాలం మా ఊళ్లో ఎంతమంది ఏరుతారో నేను చెప్పగలను.

ఆదోని గానుగ

ఏరగా మిగిలిన మంచి పప్పు ఎంత ఉందో చెప్పు రైతన్నా. పది బస్తాల దాకా అయితే ధర మాట్లాడుకుందాం, రేపు ఫోను చేస్తాను. ఒక షరతు: బస్తా విప్పి మా ఆవిడ చేటలో పోసి చూసుకున్నాకే తూకం.